సీసా అడుగున నీళ్లు

నేరం చేసినవాడి చేత నిజం చెప్పించడం కష్టమంటారు. ఆ మాట అన్నవాళ్లెవరూ నేరం చేయనివాళ్లతో పనిచేసి ఉండరు. దొంగ తనను కాపాడుకోవడానికి ఏదో ఒకటి వాగుతాడు, ఆ వాగుడులోంచే మనకో దారి దొరుకుతుంది. ఏ పాపమూ ఎరగనివాళ్లు మాత్రం దేవుడి మీద భారం వేసి గోడకు ఆనుకుని కూర్చుంటారు. తల బాదుకోవాల్సింది మనమే.

సోమవారం ఉదయం పదిన్నరకు కర్నూలు పోలీస్ స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్న సంతోషమ్మ అచ్చం ఆ బాపతు మనిషి. అరవై ఎనిమిదేళ్లుంటాయి. కోడుమూరు పక్క పల్లెలో రెండెకరాల మెట్ట ఉంది. పుండ్లకు ఆకు నూనె కాచి ఇవ్వడం ఆమెకు తండ్రి నేర్పిన విద్య. నిన్న సాయంత్రం అయిదింటికి ఆమెను అరెస్టు చేశారు. ఇవాళ అయిదులోగా మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. పెట్టిన సెక్షను చిన్నదేమీ కాదు, నిలబెడితే జైలే.

కథ చిన్నదే. కోడుమూరు రైతు ఓబుళేశుకు ట్రాక్టరు నాగలి కొర్రు కాలిలో దిగింది. పైగా ఆయనకు షుగరు. కర్నూల్లో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో రెండు వారాల కిందటి సోమవారం ఉదయం పుండు కడిగి కుట్లు వేశారు. మంగళవారం ఆయన భార్య రామసుబ్బమ్మ డాక్టర్లకు తెలియకుండా సంతోషమ్మ దగ్గరికి వెళ్లి నూనె తెచ్చి రాసింది. శుక్రవారం తెల్లారేసరికి రక్తమంతా విషమై ఆయన పోయాడు. కొడుకు అవినాష్ ఫిర్యాదు ఇచ్చాడు. నూనె సీసాను పోలీసులు ల్యాబ్‌కు పంపితే, చచ్చిన మనిషి రక్తంలో ఉన్న సూడోమోనాస్ అనే క్రిమే సీసాలోనూ బయటపడింది. ఇదంతా జరిగి పది రోజులు దాటింది.

నన్ను పెట్టుకున్నది సంతోషమ్మ మనవరాలు దీవెన. నా పేరు అయ్యన్న. ఒకప్పుడు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ని. పై అధికారులతో పడక ఉద్యోగం మానేసి, టైర్ల షాపు మీద గదిలో ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. ఎవరితోనైనా పడటం నాకు కొంచెం కష్టం.

"నూనె ఎట్లా కాస్తావో చెప్పు," అన్నాను మూడోసారి.

"చెప్పినా కదప్పా."

"మళ్లీ చెప్పు. సి.ఐ. గారు కూడా వింటారు."

సి.ఐ. అరుణ్ కుమార్ ఫైలులోంచి తల ఎత్తలేదు. "నేను ల్యాబ్ రిపోర్టు చదివాను అయ్యన్న గారూ. వంటల ప్రోగ్రాం వినే తీరిక నాకు లేదు."

అరుణ్ కుమార్‌తో నాకు పాత తగాదాలున్నాయి. కానీ ఈ కేసులో అతని మొండితనానికి కారణం నేను కాదు. సంతోషమ్మలాగే అతనూ ఆదివారం చర్చికి పోయే మనిషే. తన వాళ్లని ముసలమ్మను వెనకేసుకొచ్చాడన్న మాట ఎక్కడ వస్తుందోనని, ఇంకొకరి మీద చూపించేదానికి రెండింతల కరుకుతనం ఆమె మీద చూపిస్తున్నాడు. నిజాయితీపరుడితో ఇదే చిక్కు. లంచగొండికైతే కనీసం సిగ్గనేది ఎక్కడో ఒక మూల ఉంటుంది, ఇతనికి తను చేసేది తప్పేమోనన్న అనుమానమే రాదు.

సంతోషమ్మ మళ్లీ మొదలుపెట్టింది. "వావిలాకు రసం, నువ్వుల నూనె సమానంగా పోసి సన్న సెగ మింద కాచాల. నీళ్లన్నీ ఇగిరిపోయినాక దూది వత్తి దాంట్లో ముంచి అంటియ్యాల. చిటపట అంటే ఇంకా తడి ఉండాదని. సప్పుడు లేకుండ మండితే నూనె దిగినట్టు. బాగా ఆరినాక వాము తైలం, నిమ్మగడ్డి తైలం చుక్కలు లెక్కపెట్టి పోస్తా. వేడి మింద పోస్తే సత్తవంతా గాలికి పోతాది. పోసినాక మల్లొక తూరి వత్తి చూస్తా."

"సీసా?"

"నేనియ్యను. ఎవురికి కావల్లంటే వాళ్లే తెచ్చుకోవాల. మూడెండలు ఎండింటేనే పోస్తా. రెడ్డమ్మ, అదే రామసుబ్బమ్మ, తెచ్చిన సీసా బాగా ఎండిండె. భుజం కాడికి పోసి ఇచ్చినా."

పోలీసులు తీసిన సీసా ఫోటో ఆమె ముందు పెట్టాను. పైన పచ్చటి నూనె. అడుగున వేలెడు మందాన తెల్లటి నీళ్లు. రెండింటికీ మధ్య గీత గీసినట్టు కనబడుతోంది.

"రెండుసార్లు వత్తి చూస్తావు. తడి సీసా ముట్టుకోవు. మరి ఈ నీళ్లు ఎక్కడివి?"

ఆమె ఫోటోను దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని బెంచీ మీద బోర్లా పెట్టింది.

"నాకు తెలీదప్పా."

అప్పటిదాకా ప్రతి జవాబూ నా మొహంలోకి చూసి చెప్పిన మనిషి, ఆ ఒక్క మాట మాత్రం కిటికీకి చెప్పింది. నాకు ఒళ్లు మండింది. ఈమెకు తెలుసు. తెలిసీ చెప్పదు!

"నేనంటున్నదీ అదే కదా," అన్నాడు అరుణ్ కుమార్. "నీళ్లు ఇగరకముందే దించి ఇచ్చింది. ఆ నీళ్లల్లో క్రిమి పెరిగింది. ఒక మనిషి పోయాడు. దీనికి డిటెక్టివ్ ఎందుకండీ?"

నేను జవాబు చెప్పేలోగా దీవెన వచ్చింది. కాలేజీలో మైక్రోబయాలజీ పరిశోధన చేస్తోంది. ఒక స్టీలు టిఫిన్ డబ్బాలోంచి గాజు ప్లేట్లు మూడు తీసి బల్ల మీద పెట్టింది. మూతలకు టేపు చుట్టి ఉంది. క్రిములు పెంచిన ప్లేటు మధ్యలో నూనె చుక్క వేస్తారు. నూనెకు సత్తువ ఉంటే దాని చుట్టూ క్రిములు చచ్చి గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని కొలవడమే పరీక్ష.

"ఇది చీము పట్టించే స్టెఫైలోకాకస్ సార్," అంది మొదటి ప్లేటు చూపించి. ఖాళీ స్పష్టంగా, పెద్ద రూపాయి బిళ్లంత ఉంది. "అవ్వ నూనె చుట్టూ ఇరవై రెండు మిల్లీమీటర్లు. ఒక్కటి కూడా బతకలే."

"శభాష్. సూడోమోనాస్?"

ఆమె రెండో ప్లేటు ముందుకు జరిపింది. ఆ ప్లేటు నిండా ఆకుపచ్చ పొర. నూనె చుక్క అంచు దాకా క్రిములు హాయిగా పెరిగి ఉన్నాయి.

"సున్నా సార్."

అరుణ్ కుమార్ అప్పుడు ఫైలు మూశాడు. లేచి వచ్చి ప్లేటును అటూ ఇటూ తిప్పి చూశాడు. "అంటే ఈ నూనె ఆ క్రిమిని ఏమీ చేయలేదు."

"చెయ్యలేదు సార్."

నేను దీవెనను గుమ్మం పక్కకు లాగాను. "మొదటి ప్లేటు ఒక్కటి తెస్తే పోయేది కదమ్మా! రెండోది ఎవరు తెమ్మన్నారు?"

"ఉండేది ఉన్నట్టు చూపియ్యాల కదా సార్. సూడోమోనాస్ శానా మొండిది. మన ఆకు తైలాలు శానావాటికి అది లొంగదు. రేపు కోర్టులో ఇంకెవరో చేసి చూపిస్తే?"

అవ్వకు తగ్గ మనవరాలు. అవ్వ నిజం దాస్తుంది, మనవరాలు అక్కరలేని నిజం కూడా చెబుతుంది. నా జుట్టు నెరవమంటే నెరవదా మరి!

"మూడోది చూడండి సార్," అందామె. మూడో ప్లేటు శుభ్రంగా ఉంది. "అవ్వ ఇంట్లో కుండలో మిగిలిన నూనె. రిపోర్టు సంగతి తెలిసిన గురువారమే దాంట్లోకి నేనే ఆ క్రిమిని వదిలినా. రెండు రోజులు పెట్టి తీసి ప్లేటుకు రాస్తే ఏమీ పెరగలే. నూనె దాన్ని గబుక్కున చంపదు, నిజమే. కానీ తడి లేని నూనెలో అది పెరగదు సార్. దానికి నీళ్లు కావాల."

అంతా ఆ వేలెడు నీళ్ల దగ్గరికే వచ్చి ఆగింది. ఎవరు పోశారు, ఎప్పుడు పోశారు, ఎక్కడి నీళ్లు? సాయంత్రం అయిదింటిలోపు ఈ మూడూ తేలకపోతే సంతోషమ్మ జైలుకు పోతుంది.

*

ఓబుళేశు ఉన్న ఏడో నంబరు గదికి పోలీసులు సీలు వేశారు. చూడటానికి ఎస్పీ ఆఫీసు నుంచి చీటీ తెచ్చుకున్నాను కాబట్టి అరుణ్ కుమార్ తప్పనిసరై వెంట వచ్చాడు. మేము తలుపు తెరిచేసరికి పన్నెండుంబావు.

మంచం, చిన్న బల్ల, ఇనుప అలమర, మూలన స్టూలు. స్టూలు మీద కుళాయి ఉన్న ఇరవై లీటర్ల ప్లాస్టిక్ క్యాను, దాని మీద "స్టెరైల్ వాటర్" అని ఒక స్టిక్కరు. సగం దాకా నీళ్లున్నాయి. వంగి కుళాయి మూతి చూశాను. లోపలి అంచున పచ్చటి జిగురు. వాసన చూస్తే కుళ్లిన ద్రాక్షపండ్ల తీపి. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆ వాసన నేను రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ఆసుపత్రులే, రెండుసార్లూ సూడోమోనాసే.

"ఆ క్యాను నోట్లో తల పెడతారా ఏంటి?" అన్నాడు అరుణ్ కుమార్.

"ఈ గది నర్సును పిలిపించండి. కేసు షీటు కూడా."

ఆ వార్డు నర్సు శివజ్యోతి వచ్చింది. పాతికేళ్ల పిల్ల, ఫైలును గుండెకు అదుముకుని నిలబడింది.

"ఈ నీళ్లు దేనికి?"

"పుండ్లు కడిగేదానికి సార్. ఆర్వో నీళ్లు కాచి చల్లార్చి పోస్తాం. ఆపరేషన్ థియేటర్లో కూడా ఇట్లాంటిదే ఉంది."

"క్యాను ఎప్పుడు కడుగుతారు?"

ఆమె ప్రశ్న అర్థం కానట్టు చూసింది. "కడిగేదేముంది సార్? సగం కాగానే మళ్లీ పోస్తాం. ఎప్పుడూ ఖాళీ కాదు."

నేను అరుణ్ కుమార్ వైపు చూశాను. అతను గడియారం చూసుకుంటున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని. ఫైలు తీసుకుని మంగళవారం పేజీ తిప్పాను.

"ఇక్కడ చదవండి."

"చదివాను. మంగళవారం రాత్రి ఏడుకు జ్వరం నూట రెండు. నూనె రాసింది కూడా ఏడుకే. రాశారు, జ్వరం వచ్చింది."

"పైనుంచి కిందికి వరసగా చదవండి. గట్టిగా."

విసుక్కుంటూనే చదివాడు. "పదమూడు గంటలకు షుగరు పరీక్ష. పందొమ్మిది గంటలకు జ్వరం. పదహారు గంటలకు..." ఆగాడు.

"చదవండి. పదహారుకు డ్రెస్సింగు. పద్దెనిమిదికి షుగరు మళ్లీ. మధ్యాహ్నం ఒంటిగంటకూ నాలుగింటికీ నడుమ రాత్రి ఏడు ఎట్లా వచ్చింది అరుణ్ కుమార్? ఈ కర్నూల్లో గడియారాలు వెనక్కి తిరుగుతాయా? పద్నాలుగులో నాలుగును తలకాయ మూసి తొమ్మిది చేశారు. సిరా కూడా వేరే."

"చేతిరాత పొరపాటు అయి ఉండొచ్చు."

మందుల షీటు తీసి అతని చేతిలో పెట్టాను. అందులో ఎవరూ ఏమీ దిద్దలేదు. మంగళవారం, పారాసెటమాల్, పద్నాలుగు పదిహేను. "ఏడింటికి వచ్చిన జ్వరానికి రెండుంబావుకే మాత్ర వేశారా? ఆ వేళకు ఆయన కాలికి నూనె తగలనే లేదు. జ్వరం ముందు, నూనె తర్వాత."

అతను షీటును తిరగేసి చూశాడు. కానీ పట్టు వదిలే రకం కాదు. "కుట్లు వేసిన మర్నాడు జ్వరం రావడం మామూలే. సీసాలోకి క్రిమి ఎట్లా వచ్చిందో చెప్పండి. అది చెప్పలేకపోతే మీ కాగితాలు నాకు అనవసరం."

ఉన్నమాటే అన్నాడు. అందుకే ఇంకా చిరాకు వేసింది. నేను శివజ్యోతి వైపు తిరిగాను.

"దిద్దింది నువ్వేనా?"

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "చెయ్యి నాదే సార్. దిద్దమన్నది నేను కాదు."

"ఎవరు?"

ఈలోగా వరండాలో ఒక గొంతు, "ఆయప్ప పోయినాడని డాక్టరు రాసిన కాగితం నాకు ఈరోజన్నా ఇస్తారా ఇయ్యరా?" అని గట్టిగా అడుగుతోంది. శివజ్యోతి ఉలిక్కిపడి తలుపు వైపు చూసింది. "ఓబుళేశు గారి భార్య సార్. ఆమె ముందర నేను చెప్పలేను. కావాలంటే రాసిస్తాను."

"నాకు రాసివ్వాలి, ఆయనకు కాదు," అన్నాడు అరుణ్ కుమార్ వెంటనే. "దర్యాప్తు అధికారిని నేను."

కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను. ఆమెను కానిస్టేబులు పక్క గదికి తీసుకెళ్లాడు. నేను వరండాలోకి వచ్చాను.

*

రామసుబ్బమ్మకు అరవై దగ్గర. చేతిలో గుడ్డ సంచి, మొహంలో పది రోజుల నిద్రలేమి. బెంచీ మీద పక్కన కూర్చుంటే కొంచెం జరిగి చోటిచ్చింది. అరుణ్ కుమార్ చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"మంగళవారం ఎన్నింటికి బయలుదేరారు?"

"మూడు గంటలకు. ఆయప్పకు ఒళ్లు కాలిపోతాండె. ఈడ ఎవురూ పట్టించుకోకపోతే ఆమె దగ్గరికి పోయింటి. మా అత్త కాలం నుంచి పుండ్లకు ఆమె నూనే."

"ఒళ్లు కాలిపోతోందని బయలుదేరకముందే మీకు తెలుసా?"

"తెలీకుండ ఎట్ల పోతా సారూ? దానికే కదా పోయింది."

పోలీసులు పది రోజులు దర్యాప్తు చేసి ఈ ఒక్క ప్రశ్న ఆమెను అడగలేదు. ఎందుకు అడగలేదని ఇప్పుడు అడిగి లాభం లేదు.

"ఈ ఆసుపత్రికే ఎందుకు తెచ్చారు?"

"మా అవినాష్‌కు దీంట్లో పాలు ఉండాది. మనోళ్లదే కదా, బాగా చూస్తారని."

"నూనె ఎన్నిసార్లు రాశారు?"

"మంగళారం రాత్రి నుంచి పొద్దున మాపున. ఐదు తూర్లు."

సీసా ఫోటో తీసి చూపించాను. "సంతోషమ్మ భుజం దాకా పోసి ఇచ్చింది. అయిదుసార్లు రాశారు. అడుగున వేలెడు నీళ్లున్నాయి. అయినా సీసా భుజం దాకానే ఉంది. నూనె తగ్గినంత మేర నీళ్లు పడ్డాయి. మూత ఎవరు తీసేవారు?"

"నేనే."

"వేరే ఎవరైనా?"

"లేదు. దిండు కింద పెట్టుకుంటాంటి, డాక్టరు చూస్తే తిడతాడని."

"అయితే నీళ్లు పోసింది మీరే."

ఆమె సంచి తాళ్లను వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. నేను ఆగాను. ఆగడం నాకు చేతకాదు, అయినా ఆగాను.

"నీళ్లు కాదు సారూ. తీర్థం," అంది చివరికి.

"ఎక్కడి తీర్థం?"

"తుంగభద్ర పుష్కరాలప్పుడు తెచ్చుకున్నది. చిన్న చెంబులో పెట్టుకుని యాడికి పోయినా తీసుకపోతా."

"పుష్కరాలై ఎన్నేళ్లయింది? ఇంకా మిగిలి ఉందా?"

"అయిపోవస్తే మంచినీళ్లు పోసి నింపుకుంటాం. తీర్థంలో పడిన నీళ్లు తీర్థమే కదా."

నా చెయ్యి దానంతటదే నుదుటికి వెళ్లింది. "ఈ ఆసుపత్రిలో దేంతో నింపారు?"

"ఆ మూలన ఉండే క్యాను నీళ్లతో. ఆపరేషనుకు వాడే నీళ్లని నర్సు చెప్పింది. అంతకంటే శుద్ధమైన నీళ్లు యాడుంటాయి?"

అరుణ్ కుమార్ మెల్లగా చేతులు దించి ఏడో నంబరు గది వైపు చూశాడు. ఇటు చెంబు, అటు క్యాను. ఇద్దరిదీ ఒకటే అలవాటు. అడుగున ఉన్నదాన్ని పారబోయకుండా పైన పోసుకుంటూ పోవడం. ఆ మొండి క్రిమికి అంతకంటే మంచి కాపురం దొరకదు.

"తీర్థం ఆయన నోట్లో పోయాలి గానీ, పుండుకు రాసే నూనెలో ఎందుకమ్మా?"

ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది.

"ఎందుకు పోశారు?"

"మా అత్త అట్లనే చేసేది."

"మీ అత్త ఎందుకు చేసేది?"

"ఆమె చేతి నూనె కదా సారూ." గొంతు దాదాపు వినబడలేదు. "వాళ్ల ఇంట్లో కాచింది. మనం ఒంటికి రాసుకోవల్లంటే రొంత తీర్థం కలిపితే దోషం పోతాదని. నేను తెచ్చుకున్న ప్రతి తూరీ పోస్తా. ఏ తూరీ ఏమీ కాలేదు."

నాకు కోపం ముంచుకొచ్చింది. పుండు మానడానికి ఆ ముసలామె చెయ్యి కావాలి, ఆ చెయ్యి తగిలిందని నూనెను కడుక్కోవాలి! ఆ మాట ఆమె మొహం మీదే అనేద్దామనుకున్నాను. కానీ అప్పటికే ఆమె నా వైపు తిరిగింది.

"నేనే చంపుకున్నానా సారూ, ఆయప్పను?"

నా కోపం నా దగ్గరే ఉండిపోయింది. "లేదమ్మా. మీరు నూనె రాయకముందే, ఆ మధ్యాహ్నమే ఆయనకు జ్వరం వచ్చింది. సోమవారం పుండు కడిగింది కూడా ఇట్లాంటి క్యాను నీళ్లతోనే. ఆ క్రిమి అప్పుడే లోపలికి పోయింది. మీ తీర్థం దాన్ని సీసాలోకి మోసింది, అంతే."

ఆమె ఏడ్చింది. ఎంతసేపు ఏడ్చిందో తెలియదు గానీ, ఆమె లేచేసరికి అరుణ్ కుమార్ రెండు క్యాన్లకూ సీలు వేయించాడు. ఆ నీళ్లతో ఎవరినీ కడగవద్దని డాక్టర్లకు చెప్పి వచ్చాడు. నన్ను మెచ్చుకోలేదు. నేనూ ఎదురుచూడలేదు.

పక్క గదిలోంచి కానిస్టేబులు మడిచిన కాగితం తెచ్చి ఇచ్చాడు. శివజ్యోతి రాసిచ్చినది. అరుణ్ కుమార్ విప్పి చదివి, మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఎవరు?" అన్నాను.

"దర్యాప్తు నాది అని చెప్పాను."

జీపులో దారి పొడుగునా మాట్లాడలేదు. అతను మాట్లాడకపోవడం నాకు మామూలుగా సంతోషం. ఆ రోజు మాత్రం ఏదో తేడాగా అనిపించింది.

*

స్టేషన్‌కు చేరేసరికి మూడున్నర. కోర్టుకు తీసుకెళ్లే కానిస్టేబులు సిద్ధంగా ఉన్నాడు. దీవెన అవ్వ పక్కన కూర్చుని ఉంది. మాతో వచ్చిన రామసుబ్బమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. సంతోషమ్మ లేచి నిలబడబోతే దీవెన చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"ఈమె వాంగ్మూలం ఇస్తుంది," అన్నాను. "నీళ్లు ఎక్కడివో, ఎవరు పోశారో తేలింది. ఇక నిన్ను కోర్టుకు తీసుకుపోవాల్సిన అవసరం ఉండదు."

నేను ఊహించింది కనీసం ఒక నిట్టూర్పు. సంతోషమ్మ మొహం పాలిపోయింది.

"అది రాయొద్దప్పా."

"ఏది?"

"నీళ్లు పోసిన మాట. నాకు తెలుసు. వాళ్లు ఎప్పుడూ పోస్తారు. ఈ రెడ్డమ్మ ఒక్కతే కాదు, మా నాయన కాలం నుంచి అందరిండ్లల్లా పోస్తారు. ఖాళీ సీసా మల్ల తెస్తారు కదా, అడుగున తడి ఉంటాది. దానికే కదా మూడెండలు ఎండబెట్టుకొని రమ్మనేది."

దీవెన అవ్వ చేతిని వదిలేసింది.

"తెలిసీ ఎందుకు చెప్పలేదు?" అని నేను అరిచాననుకుంటాను. కానిస్టేబులు తొంగి చూశాడు. "నువ్వు జైలుకు పోతావు! అర్థమైందా? ఈ వయసులో!"

"నేను పోతే నేనొక్కదాన్నే పోతా. ఆ మాట కాగితం మింద పడితే ఊర్లో వాళ్ల పరువు పోతాది. పరువు పోయినోళ్లు ఊరికే ఉంటారా అప్పా? మావోళ్లు ఆ ఊర్లోనే బతకాల కదా."

"నేను ఊర్లో లేను కదవ్వా," అంది దీవెన. "ఎన్నేండ్ల నుంచి తెలుసు నీకు? తెలిసి కూడా కాచి ఇస్తాంటివా?"

"పుండుకు ఏం తెలుసు పాపా ఎవురి చెయ్యి అని?"

ఇంత కష్టపడి సంపాదించిన నిజాన్ని ముద్దాయే వద్దంటోంది. కక్షిదారు ఒప్పుకోకపోయినా వాంగ్మూలం తీసుకోవచ్చునని చెబుదామని అరుణ్ కుమార్ వైపు తిరిగాను. అతను నన్ను చూడటం లేదు. రామసుబ్బమ్మను చూస్తున్నాడు.

ఆమె లోపలికి వచ్చింది. ఖాళీ కుర్చీ ఉన్నా కూర్చోలేదు. సంతోషమ్మ కూర్చున్న బెంచీ మీదే, ఆమె పక్కనే కూర్చుంది.

"రాసుకో సారూ. ఏం పోసినానో, ఎందుకు పోసినానో రెండూ రాసుకో. ఒకటి రాసి ఒకటి ఇడిసిపెట్టొద్దు." కొంచెం ఆగి అడిగింది. "మధ్యాహ్నమే జ్వరం వచ్చిందని ఆస్పత్రోళ్లకు తెలుసు కదా. మరి కాగితంలో రాత్రి అని దిద్దింది యాలా? ఈమె మింద పెట్టేదానికేనా?"

"అవునమ్మా," అన్నాడు అరుణ్ కుమార్. ఆ రోజు అతను విసుగు లేకుండా అన్న మొదటి మాట అది.

"ఎవురు దిద్దించినారు?"

అతను జేబులోంచి శివజ్యోతి కాగితం తీశాడు. ఒక క్షణం నా వైపు చూశాడు. పాత పంతాలన్నీ పక్కన పెట్టి సాయం అడిగినట్టుగా ఉంది ఆ చూపు. నాకు అప్పుడు అర్థమైంది. జీపులో అతను ఎందుకు మాట్లాడలేదో కూడా. నా దగ్గర ఇచ్చేందుకు సాయమేదీ లేదు.

కాగితం ఆమె చేతికి ఇచ్చాడు. రామసుబ్బమ్మ దూరంగా పట్టుకుని, పెదాలు కదుపుతూ చదివింది. మూడు లైన్లే. ఓబుళేశు పోయిన శుక్రవారం పొద్దున, శవం ఇంకా గదిలో ఉండగానే, ఆసుపత్రి భాగస్తుడు అవినాష్ నర్సును పిలిచి టైము మార్చమన్నాడు. మార్చకపోతే ఉద్యోగం ఉండదన్నాడు. థియేటరు నీళ్ల మీద నెల కిందటే శివజ్యోతి ఫిర్యాదు చేస్తే, చూద్దాంలే అన్నదీ అతనే.

ఆమె రెండోసారి చదవలేదు. కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని దాని మీద అరచెయ్యి వేసింది.

"తెల్లారి ఐదుకు ఆయప్ప పాయె. ఆరు గంటలకు వాడు నాతో మాట్లాడినాడు. ఎవురి నూనె రాసినావమ్మా అని అడిగినాడు. బాధలో అడుగుతాండాడు అనుకుంటి."

సంతోషమ్మ ఆమె వైపు తిరిగింది.

"ముందు నాది రాయండి," అంది రామసుబ్బమ్మ. "తర్వాత వాడిది."

అరుణ్ కుమార్ కోర్టు కానిస్టేబులును బయటికి పంపి తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు. మూడు యాభై అయింది. అతను తేదీ వేసి, ఆమె పేరు రాస్తుండగా గుడ్డ సంచిలో ఫోను మోగింది. ఆమె తీసి చూసింది. మోగుతున్న ఫోనును ఆపలేదు, ఎత్తలేదు. తీసుకెళ్లి సి.ఐ. బల్ల మీద, ఆ కాగితం పక్కనే పెట్టింది.

"వాడే. నేను ఈడ ఉండానని మీరే చెప్పండి సారూ. నేను చెప్తే నమ్మడు."